తలలోని గడ్డ తీశాక గజ్జను ఎలా కనిపెట్టుకోవాలి: పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ల ఇంటివారికి

"తలలో గడ్డ తీశామన్నారు, మరి గజ్జలో ఈ కట్టు ఏమిటి?" పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు త్రాంబెక్టమీ (మెదడు రక్తనాళంలోని గడ్డను లాగి తీసే చికిత్స) చేసి ఐసీయూలోకి తెచ్చాక ఇంటివారు అడిగే మొదటి ప్రశ్న దాదాపుగా ఇదే. రెండో ప్రశ్న మర్నాడు వస్తుంది: "తొడంతా నల్లగా కమిలింది, ఇది మామూలేనా?" మూడోది ఇంటికి వెళ్లిన వారానికి ఫోనులో వస్తుంది: "గజ్జలో గోలీలాంటిది చేతికి తగులుతోంది, నూనె రాయమంటారా?" న్యూరో ఐసీయూలో పనిచేసే నేను ఈ మూడింటికీ ఏళ్ల తరబడి నోటిమాటగా జవాబు చెబుతూ వచ్చాను. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి కంగారులో విన్న మాట ఇల్లు చేరేలోపు సగం మరిచిపోతారు కనుక, ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను.

మెదడులో పెద్ద రక్తనాళాన్ని మూసేసిన గడ్డను తీయడానికి పుర్రె తెరవరు. గజ్జలోని తొడ ధమనికి సూదితో రంధ్రం చేసి, అందులో షీత్ అనే గొట్టాన్ని అమర్చి, దాని గుండా కెథీటర్లనే ఇంకా సన్నని గొట్టాలను మెడ మీదుగా మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగుతారు. 2015లో వెలువడిన ఐదు అధ్యయనాలతో ఈ చికిత్స స్థిరపడింది. 80 ఏళ్లు దాటినవారికీ మేలు జరుగుతుందని తేలడంతో, ఒకప్పుడు 'ఈ వయసులో ఎందుకులే' అని వదిలేసినవారికి కూడా ఇప్పుడు చేస్తున్నారు. అయితే షీత్ చిన్నదేమీ కాదు. తరచుగా వాడే 8 ఫ్రెంచ్ (గొట్టాల సైజు కొలత) షీత్ లోపలి వెడల్పే సుమారు 2.7 మిల్లీమీటర్లు. పెన్సిలు మందాన ఉండే ధమనికి ఈ 2.7 మిల్లీమీటర్ల కంటే కాస్త పెద్ద రంధ్రమే పడుతుంది. ఆ ధమని గోడ వయసుతో సున్నం పేరుకుని బిరుసెక్కి ఉంటుంది, పైన చర్మం పలచబడి ఉంటుంది, చాలామందికి అప్పటికే గడ్డ కరిగించే ఇంజెక్షన్ (ఆల్టెప్లేజో టెనెక్టెప్లేజో) ఇచ్చి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించి ఉంటారు.

గుండెకు యాంజియోగ్రామ్ చేయించుకున్నవారికీ గజ్జలో ఇలాంటి రంధ్రమే పడుతుంది, కానీ అక్కడ నొప్పి పుడితే వాళ్లు నోరు తెరిచి చెబుతారు. పక్షవాతం రోగి సంగతి వేరు. వైద్యులు మామూలుగా కుడి గజ్జ నుంచే వెళతారు. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలు చచ్చుబడుతుంది, స్పర్శ మందగిస్తుంది, మాట కూడా పోతుంది. అంటే రంధ్రం పడిన గజ్జకు నొప్పి సరిగా తెలియదు, తెలిసినా చెప్పడానికి నోట మాట రాదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారికి మాట ఉంటుంది గానీ తమకేమీ కాలేదనుకుని హఠాత్తుగా లేచి కూర్చోబోతారు. ఈ రోగి గజ్జ గురించి ఫిర్యాదు చేస్తాడని మీరు ఎదురుచూడకూడదు. మీరే చూసి, తాకి, పోల్చి తెలుసుకోవాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక టార్చి (ఫోను లైటు చాలు), ఒక బాల్‌పెన్ను, ఒక నోటుపుస్తకం, సెకన్ల ముల్లున్న గడియారం, దర్జీలు వాడే టేపు, శుభ్రమైన పలచని గుడ్డలు, చేతి తొడుగులు, రోగి ఇదివరకు వాడిన మందుల చీటీలన్నీ. ఇంటికి వెళ్లాక వీటికి బీపీ మిషను, థర్మామీటరు తోడు కావాలి. నోటుపుస్తకం ఏదైనా ఫర్వాలేదు. నేను చూసిన అత్యుత్తమ రికార్డును ఒక కోడలు చింపిన క్యాలెండరు కాగితాల వెనక రాసింది: టైము, వాపు ఎన్ని సెంటీమీటర్లు, పాదం వెచ్చగా ఉందా, నాడి అందిందా. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు కేస్ షీటు కంటే ముందు దాన్నే అడిగి తీసుకున్నారు.

1. మొదటి గంటలోనే ఐదు సంగతులు అడిగి రాసుకోండి

ఏ వైపు గజ్జ లేదా ఏ చేయి నుంచి వెళ్లారు? షీత్ తీసేశారా, ఇంకా లోపలే ఉందా? రంధ్రాన్ని చేత్తో నొక్కి ఆపారా, లేక మూసే పరికరం వాడారా? కాలు ఎప్పటివరకు చాచి ఉంచాలి? ఆపరేషనుకు ముందు ఈ పాదంలో నాడి అందేదా? ఈ ఐదో ప్రశ్నను ఎవరూ అడగరు, కానీ తరువాత అన్నిటికంటే అక్కరకు వచ్చేది అదే. ఏళ్ల తరబడి షుగరు, చుట్టలూ బీడీలూ ఉన్న పెద్దవాళ్లలో కాలి రక్తనాళాలు ముందే సన్నబడి, నాడి అసలే అందకపోవచ్చు. ముందు అందేదో లేదో రాసి లేకపోతే, రాత్రి రెండింటికి 'నాడి అందడం లేదు' అన్నప్పుడు అది పాత సంగతో కొత్త ప్రమాదమో తేల్చుకోవడానికి విలువైన సమయం పోతుంది.

మూసే పరికరాల్లో రెండు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. యాంజియోసీల్ అనేది ధమని రంధ్రాన్ని లోపలా బయటా కరిగిపోయే బిళ్లలతో మూస్తుంది, ప్రోగ్లైడ్ అనేది కుట్టు వేస్తుంది. ఏది వాడినా మామూలుగా ఒక చిన్న కార్డు ఇస్తారు, దాన్ని పారేయకండి.

2. కాలు కదలకుండా చూడండి, కట్టేయకండి

చేత్తో నొక్కి ఆపినప్పుడు మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు, పరికరం వాడినప్పుడు రెండు నుంచి నాలుగు గంటలు కాలు చాచి పడుకోబెడతారు. రక్తాన్ని పలచబరిచే మందుల బలాన్ని బట్టి మీ డాక్టరు దీన్ని పెంచవచ్చు, ఆ మాటే చెల్లుతుంది. ఈ సమయంలో తలవైపు మంచాన్ని 30 డిగ్రీలకు మించి ఎత్తకూడదు. మోకాలి కింద దిండు పెట్టడం చాలామంది ప్రేమతో చేసే పొరపాటు: మోకాలు లేస్తే గజ్జ మడతపడుతుంది, రంధ్రం మీద ఒత్తిడి మారుతుంది. తలను దిండు మీద నుంచి ఎత్తి చూడడం కూడా వద్దు, అప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. దగ్గు వచ్చినా వాంతి వచ్చినా, తొడుగు వేసుకున్న చేత్తో కట్టు మీద మెత్తగా అదిమి పట్టుకోండి.

అయోమయంలో ఉన్న పెద్దాయన కాలు మడుస్తూనే ఉంటే గుడ్డతో మంచానికి కట్టేయవద్దు. బిగించిన కట్టుతో పెనుగులాడినప్పుడు బీపీ పెరిగి రక్తస్రావం మొదలైన సందర్భాలు ఉన్నాయి. దుప్పటిని మడిచి మోకాలికి అటూ ఇటూ ఒరలాగా పెట్టండి, ఆయన గుర్తుపట్టే గొంతుతో పక్కనే కూర్చుని మాట్లాడుతూ ఉండండి. అన్నిటికంటే ముందు మూత్రం ఆగిందేమో చూడమని సిస్టర్‌ను అడగండి, ఎందుకంటే మాట రాని వృద్ధుడు రాత్రి కాళ్లు కొట్టుకుంటున్నాడంటే సగం సార్లు కారణం నిండిన మూత్రాశయమే.

3. దుప్పటి తీసి చూడండి

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చినవారిని మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకూ, తరువాతి ఆరు గంటలు ప్రతి అరగంటకూ, ఆపైన 24 గంటలు నిండేవరకు గంటకోసారీ పరీక్షించడం ఐసీయూ పద్ధతి. ఆ వేళల్లో సిస్టర్లు బీపీతో పాటు గజ్జనూ చూస్తారు. వార్డుకు మారాక ఈ పట్టు సడలుతుంది. మీ పని అక్కడ మొదలవుతుంది.

వచ్చిన బంధువులందరూ మూతి వంకర తగ్గిందా, చేయి లేస్తోందా అని చూస్తారు. దుప్పటి ఎత్తి గజ్జ చూసేవాళ్లు అరుదు. మర్యాదకు అడ్డు వస్తుందనుకుంటే కర్టెన్ వేసి, నడుము మీద ఒక తువ్వాలు కప్పి, ఆ ఒక్క చోటే తెరవండి. తల్లికి కూతురో కోడలో, తండ్రికి కొడుకో ఉండేలా ముందే వంతులు వేసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

ముందు కళ్లతో చూడండి: కట్టు మీద కొత్త ఎరుపు ఉందా, రెండు గజ్జలూ ఒకే ఎత్తున ఉన్నాయా. తరువాత తొడుగు వేసుకున్న నాలుగు వేళ్లతో కట్టు చుట్టూ మెల్లగా తడమండి: మెత్తగా ఉందా, పచ్చి జామకాయలాగా గట్టిగా ఉందా. వెంటనే అవతలి గజ్జనూ అలాగే తడిమి పోల్చండి. కింది నుంచి తొడ వెనక, పిరుదు దాకా చేయి పోనివ్వండి, ఎందుకంటే పడుకున్న మనిషి రక్తం కిందికే జారుతుంది, పైకి పొడిగా కనిపించే కట్టు కింద పరుపు తడిసి ఉంటుంది.

వాపు గానీ కమిలిన మచ్చ గానీ ఉంటే దాని అంచు వెంట పెన్నుతో గీత గీసి, గీత పక్కనే టైము రాయండి. రంగు వ్యాపించడం వేరు, వాపు పెరగడం వేరు. రంగు గీత దాటి తొడ కిందికి, మగవారిలో వృషణాల దాకా జారవచ్చు; మెత్తగా ఉన్నంతవరకు అది చాలావరకు పాత రక్తం దిగడమే. గట్టిదనం గీత దాటితే మాత్రం లోపల ఇంకా కారుతోందని అర్థం, వెంటనే సిస్టర్‌ను పిలవండి. 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ల వెడల్పు దాటిన గట్టి వాపును గీతతో పని లేకుండా చెప్పవలసిందే.

డైపర్ గురించి ఒక మాట. పెద్దవాళ్ల డైపర్ నడుము పట్టీ సరిగ్గా కట్టు మీదికే వస్తుంది. వాపును దాచేస్తుంది, రాపిడి కలిగిస్తుంది, మూత్రంతో తడిసి గాయానికి చెమ్మ పట్టిస్తుంది. మొదటి 24 గంటలు డైపర్ తొడగకుండా కింద పరిచి ఉంచండి. మగవారికి కాండోమ్ కెథీటర్ (పైన తొడిగే మూత్రపు గొట్టం) పెట్టవచ్చేమో అడగండి.

కట్టు మీద కట్టు వేసి దూది కుప్ప పోయించుకోవడం ఇంకో పొరపాటు. దూది ఎక్కువైతే రక్తం ఆగదు, కనబడకుండా పోతుంది, అంతే. ఇసుక సంచి బరువు పెట్టినంత మాత్రాన చిక్కులు తగ్గవని కూడా తేలింది. పలచని, కింది వాపు కనిపించే కట్టే మంచిది.

4. పాదాన్ని పోల్చండి

గజ్జలో ధమని చీలినా, గడ్డతో మూసుకుపోయినా, మూసే పరికరమే అడ్డుపడినా ఆ సంగతి బయటపడేది పాదంలో. గుండె లయ తప్పినవారిలో, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో, మెదడుకు వెళ్లినట్లే ఇంకో గడ్డ కాలికీ వెళ్లగలదు. కనుక రెండు పాదాలనూ చూడాలి.

నాడిని రెండు చోట్ల వెతకండి. ఒకటి పాదం పైభాగాన, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందు నుంచి చీలమండ వైపు గీత గీస్తే ఆ గీత నడిమిన. రెండోది లోపలి చీలమండ ఎముకకు వెనక ఉన్న గుంటలో. చూపుడువేలు, నడిమివేలు కొనలను తేలికగా ఆనించండి. బొటనవేలితో చూస్తే మీ సొంత నాడే మీకు తగులుతుంది, గట్టిగా అదిమితే ఉన్న నాడి కూడా ఆగిపోతుంది. దొరికిన చోట పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టండి, మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది. కొందరికి పుట్టుకతోనే పాదం పైన నాడి అందదు, అప్పుడు చీలమండ వెనకది చూడండి. రెండూ అందకపోతే వార్డులో ఉండే చిన్న డాప్లర్ యంత్రంతో (రక్తం పారే చప్పుడు వినిపించేది) వినిపించమని అడగండి.

తరువాత బొటనవేలి గోరును ఐదు సెకన్లు నొక్కి వదలండి. రంగు రెండు మూడు సెకన్లలో తిరిగి రావాలి, పెద్ద వయసులో నాలుగు సెకన్ల వరకు పట్టవచ్చు. మన చామనచాయ చర్మంలో పాలిపోవడం పైకి తెలియదు కనుక గోళ్లూ అరికాళ్లే చూడాలి. చివరగా అరచేతి వెనక భాగంతో మోకాలి నుంచి పాదం దాకా రాస్తూ రండి, చల్లదనం ఎక్కడ మొదలవుతోందో తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. కాలికి రక్తం ఆగితే నొప్పి, పాలిపోవడం, చల్లబడడం, తిమ్మిరి, నాడి పోవడం, కదలిక పోవడం అనే ఆరు లక్షణాలు చెబుతారు. వీటిలో తిమ్మిరి, కదలిక పోవడం పక్షవాతంలో ముందే ఉంటాయి, నొప్పి చెప్పే నోరు లేదు. మిగిలినవి రంగు, చల్లదనం, నాడి మాత్రమే. చచ్చుబడిన కాలు రోజులు గడిచేకొద్దీ అవతలి కాలి కంటే కొంచెం చల్లగా ఉండడం మామూలే. నాడి అందుతూ, గోరు రంగు తిరిగి వస్తూ ఉంటే భయం లేదు. ఇంతకుముందు అందిన నాడి ఇప్పుడు అందకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. కాలిని కాపాడుకోవడానికి ఉండే వ్యవధి మామూలుగా ఆరు గంటలే అంటారు, అందులో ఎన్ని గంటలు అప్పటికే గడిచిపోయాయో ఎవరికీ తెలియదు. పాదం చల్లగా ఉందని వేడినీళ్ల సీసా పెట్టడం, కాపడం పెట్టడం ఎంతమాత్రం చేయకూడదు. స్పర్శ లేని చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, అసలు జబ్బు దాగిపోతుంది.

5. బయటికి కనిపించని రక్తస్రావాన్ని పసిగట్టండి

సూది గజ్జ మడత కంటే బాగా పైన పడితే రక్తం తొడలోకి రాకుండా పొట్ట వెనక భాగంలోకి చేరుతుంది. అక్కడ లీటరు పైగా రక్తం చేరినా గజ్జ చూడటానికి మామూలుగానే ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కనుక దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

మాట ఉన్న రోగి నడుము నొప్పి, పక్క నొప్పి, పొత్తికడుపులో బరువు అంటాడు. మాట లేని రోగి కుదురుగా ఉండడు, నడుము ఎత్తెత్తి వేస్తాడు, మొహం చిట్లిస్తాడు, చెమటలు పోస్తాయి, కాసేపటికి ఉన్నట్టుండి మందకొడిగా అయిపోతాడు. ఒక రాత్రి ఒక పెద్దాయన ఎడమ చేత్తో దుప్పటి అంచును పదేపదే కుడి పక్కకి లాగుతున్నారని ఆయన కొడుకు వచ్చి చెప్పాడు. 'చలేస్తోందేమో' అని ఇంకో దుప్పటి కప్పారు. గంట తరువాత బీపీ 92కు పడింది. సీటీ తీస్తే పొట్ట వెనక కుడివైపు రక్తం చేరి ఉంది. చలి కాదు, ఆయన నొప్పి ఉన్న చోటు చూపిస్తున్నారు.

అంకెల్లో చూడవలసింది పడిపోయే బీపీ, పెరిగే నాడి వేగం, తగ్గే హీమోగ్లోబిన్. పెద్దవాళ్లలో ఈ అంకెలు కూడా మోసం చేస్తాయి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి, గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారి నాడి ఎంత రక్తం పోయినా అంతగా పెరగదు. ఎప్పుడూ 160 ఉండే మనిషికి 110 అంటే మంచి బీపీ కాదు, పడిపోయిన బీపీ. అందుకే 'ఇంట్లో మామూలుగా ఎంత ఉండేది' అన్నది సిస్టర్‌కు ముందే చెప్పి ఉంచండి. త్రాంబెక్టమీ తరువాత తొలి 24 గంటలు బీపీని 180/105 దాటనివ్వకుండా మందులు ఇస్తారు, కనుక తగ్గిన ప్రతిసారీ రక్తస్రావమే అనుకోనక్కరలేదు. మందు మార్చకుండానే తగ్గితే అడగాలి. బీపీ పడితే మెదడుకు అందే రక్తమూ తగ్గుతుంది. అందుచేత తిరిగి వచ్చిన చేయి మళ్లీ పడిపోవడం, వచ్చిన మాట మళ్లీ తడబడడం తలలో చిక్కుకే కాదు, గజ్జలో రక్తస్రావానికి కూడా గుర్తు కావచ్చు. తలకు సీటీ తీయడానికి తీసుకెళుతుంటే "గజ్జ, పొట్ట కూడా చూస్తారా" అని అడగడం తప్పు కాదు.

6. రక్తం కారుతుంటే నొక్కే పద్ధతి

ఆసుపత్రిలో అయితే గట్టిగా కేకవేసి సిస్టర్‌ను పిలవండి. ఇంట్లో అయితే ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు ఈ పని చేయాలి. రోగిని గట్టి మంచం మీదో నేల మీదో వెల్లకిలా పడుకోబెట్టండి. తొడుగు వేసుకుని, మడిచిన గుడ్డ ఒకటే పెట్టి, చర్మం మీది రంధ్రానికి రెండు వేళ్ల వెడల్పంత ఎగువన, పొట్ట వైపు, మూడు వేళ్లు ఆనించి, మోచేయి చాచి ఒంటి బరువుతో నొక్కండి. సూది ఏటవాలుగా వెళుతుంది కనుక ధమనిలో రంధ్రం చర్మం మీది రంధ్రం కంటే పైన ఉంటుంది; కింద నొక్కితే రక్తం లోపల కారుతూనే ఉంటుంది. గడియారం చూసి 15 నిమిషాలు ఒక్కసారి కూడా వేళ్లు ఎత్తకండి. ఆగిందా అని రెండు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి చూడడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు, అప్పుడప్పుడే అతుక్కుంటున్నది మళ్లీ ఊడిపోతుంది. ఆగకపోతే అంబులెన్సులో కూడా నొక్కుతూనే ఉండండి. ఆగినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. కాఫీపొడి, పసుపు, సున్నం గాయం మీద వేయవద్దు.

7. చేతి నుంచి వెళ్లి ఉంటే

మణికట్టు ధమని నుంచి చేస్తే పెద్ద రక్తస్రావాలు తక్కువ. గాలి నింపిన పారదర్శకపు పట్టీ ఉంటుంది, దానిలో గాలిని సిస్టర్లే కొద్దికొద్దిగా తీస్తారు, మీరు తాకవద్దు. వేళ్లు నీలంగా మారినా, ముంజేయి గట్టిపడినా చెప్పండి. ఒక రోజు ఆ చేతికి బీపీ పట్టీ, సెలైన్ సూది వద్దని గుర్తుచేయండి. ఎడమవైపు చచ్చుబడి కుడి మణికట్టు నుంచి చేసి ఉంటే ఆయనకు పనిచేసే చేయి అదొక్కటే. ఆ చేత్తోనే మంచం పట్టుకుని లేవబోతారు, కర్ర మీద బరువు మోపుతారు. రెండు రోజులు మీరే ఆసరా ఇవ్వండి.

8. మొదటిసారి లేపడం

గడువు తీరాక కూడా డాక్టరు సరే అన్న తరువాతే లేపండి. ముందు మంచం తల ఎత్తి పది నిమిషాలు, తరువాత కాళ్లు వేలాడేసి ఐదు నిమిషాలు, అప్పుడు నిలబెట్టడం. ప్రతి మెట్టులోనూ కట్టు చూడండి. నిలబెట్టిన వెంటనే తొడ లోపలి వైపు వెచ్చగా తడి తగిలితే తిరిగి పడుకోబెట్టి నొక్కండి.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది, నా లెక్కలో అది తక్కువదేమీ కాదు: గజ్జకు ఏమవుతుందోనని పది రోజులు మంచం దిగనివ్వకపోవడం. కదలని కాలిలో సిరల్లో గడ్డలు కడతాయి, అవి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. గాయం బాగుండి, డాక్టరు ఒప్పుకున్నాక ఫిజియోథెరపీని ఆపవద్దు. తుంటిని ఎంతవరకు మడవవచ్చో ఫిజియోథెరపిస్టుకు మాత్రం ఆ రోజు డాక్టరు రాసిన మాట చూపించండి.

9. ప్రయాణం, ఇంట్లో మొదటి వారం

ఊరు దూరమైతే కారులో ముందు సీటును బాగా వెనక్కి వాల్చి కూర్చోబెట్టండి. ఆటోలో మూడు గంటలు తుంటి మడిచి కూర్చోవడం వద్దు. గంటకోసారి ఆపి గజ్జ తడమండి, ఐదు నిమిషాలు కాలు చాపించండి.

ఇంట్లో వారం పాటు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, నీళ్ల బిందె వంటి 5 కిలోలు దాటిన బరువులు, టూవీలర్ మానాలి. ఇంట్లో కమోడ్ లేకపోతే మధ్యలో కంత కోసిన ప్లాస్టిక్ కుర్చీ వారం గడుపుతుంది. ముక్కితే గజ్జ మీద ఒత్తిడి పడుతుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే సిరప్ డిశ్చార్జి రోజే రాయించుకోండి. 24 గంటల తరువాత కట్టు తీసి చెంబుతో స్నానం చేయించవచ్చు, రుద్దకుండా తడి అద్ది ఆరనివ్వండి. చెరువు, నది, తొట్టి స్నానాలు గాయం పూర్తిగా మానేదాకా వద్దు.

పక్షవాతమనగానే ఊళ్లో నూనె మర్దన మొదలుపెడతారు. పావురం రక్తం పూసేవాళ్లూ ఉన్నారు. చేతికి నూనె రాస్తే పోయేదేమీ లేదు గానీ, గజ్జ నుంచి మోకాలి దాకా ఎవరి చేయీ పడనివ్వకండి. నొప్పని చెబితే ఊరి వైద్యుడు పిరుదుకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడవబోతాడు, రక్తం పలచనయ్యే మందులు వాడుతున్నవారికి అది అక్కడే ఇంకో నెత్తురుగడ్డను తెచ్చిపెడుతుంది. నొప్పికి పారాసెటమాల్ చాలు.

మందుల చీటీలను పక్కపక్కన పెట్టి చదవండి. గుండె డాక్టరు పాత చీటీలో ఎకోస్ప్రిన్ ఏవీ, న్యూరో డాక్టరు కొత్త చీటీలో ఎకోస్ప్రిన్ ఉంటే, ఆస్పిరిన్ రెండుసార్లు పడుతోందన్న మాట. పాత ఎసిట్రామ్ (రక్తాన్ని పలచబరిచే మాత్ర) డబ్బా అలమరలో ఉంటే తీసి పక్కన పెట్టి, కొనసాగించాలో లేదో ఫోనులో అడగండి. దీనికి రివర్సు కూడా ప్రమాదమే: తొడ కమిలిందని భయపడి మాత్రలన్నీ ఆపేస్తే మళ్లీ పక్షవాతం రావచ్చు. అడగకుండా కలపనూ వద్దు, ఆపనూ వద్దు.

10. బాగానే ఉందని ఎలా తెలుసుకోవాలి, ఎప్పుడు పరుగెత్తాలి

కమిలిన రంగు నల్లని నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతూ రెండు మూడు వారాల్లో పోతుంది. రంగు అలా మారుతూ ఉండటమే మానుతోందనడానికి గుర్తు. గజ్జలో బఠాణీ గింజంత, గోలీ అంత గట్టిదనం మూసే పరికరం వాడినవారిలో మామూలే, అది వారాల మీద కరుగుతుంది. నూనె రాయాలా అన్న ప్రశ్నకు జవాబు ఇదే: రాయకండి, నలపకండి, వారానికోసారి అదే వేలితో కొలిచి చూడండి.

ఆ గోలీ నిమ్మకాయంత అయినా, వేలు పెడితే గుండెతో పాటు కొట్టుకుంటున్నా ఊరుకోకూడదు. ధమని రంధ్రం పూర్తిగా పూడక, బయట చేరిన రక్తంలోకి ధమని కొడుతూ ఉంటే దాన్ని స్యూడోఅన్యూరిజమ్ అంటారు. అది డిశ్చార్జి అయిన కొన్ని రోజులకు కూడా బయటపడుతుంది. డాప్లర్ స్కానులో తేలిపోతుంది. 2 సెంటీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి, పెద్దవాటికి స్కానులో చూస్తూ, రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ ఇంజెక్షన్ ఇస్తారు, కొద్దిమందికే ఆపరేషను కావాలి. వేలికింద తుమ్మెద ఝుంకారంలాంటి కంపనం తగిలితే ధమనికీ సిరకూ మధ్య దారి పడిందేమోనని అనుమానించాలి. దానికీ అదే స్కాను.

మూడో రోజు తరువాత జ్వరం, చుట్టూ ఎరుపు, చీము, దుర్వాసన వస్తే ఇంట్లో ఉన్న యాంటీబయోటిక్ వేసి చూద్దామనుకోకండి. ధమనిని ఆనుకుని పరికరం ఉన్నచోట చీము పడితే ఆ గోడే పగలవచ్చు, షుగరు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. పిక్క వాచి గట్టిపడితే సిరలో గడ్డకు పరీక్ష చేయించాలి. వాటితో పాటు ఆయాసం వస్తే 108.

పరికరం కార్డును డిశ్చార్జి సమ్మరీకి పిన్ను చేసి, ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాలు ఉండే సంచిలోనే పెట్టండి. యాంజియోసీల్ బిళ్లలు కరగడానికి 90 రోజుల దాకా పడుతుంది. ఈ లోపు గుండెకో కాలికో యాంజియోగ్రామ్ చేయవలసి వస్తే, సూది వేసేముందు డాక్టరు ఆ కార్డు మీద తేదీ, ఏ వైపు గజ్జ అన్నది చూసి పాత రంధ్రాన్ని తప్పించి చోటు ఎంచుకుంటారు.